బార్బడోస్ అనుకుని బారువ వెళ్లాం: సముద్రం ట్రిప్ ప్లాన్ చేసే ముందు అడగాల్సిన ఐదు ప్రశ్నలు

ఈ ఎపిసోడ్ కాస్త లేటయింది, సారీ. చాలామంది కామెంట్లలో అడుగుతున్నారు, "కరీబియన్ ట్రిప్ అన్నావు కదా, ఏమైంది అక్కా?" అని. ఇవాళ అదే చెప్తాను. ముందే ఒక మాట. మేం కరీబియన్ వెళ్లలేదు. వెళ్లింది ఎక్కడికంటే మా ఊరికి. పలాస, టెక్కలి, ఉద్దానం తీరం. శ్రీకాకుళం జిల్లా. నవ్వకండి, మొత్తం వినండి. ఈ రెండు ప్లాన్లూ పక్కపక్కన పెట్టి చూశాకే, ట్రిప్ ప్లాన్ చేయడం అంటే ఏంటో నాకు తెలిసింది.

ఇది ఎక్కడ మొదలైందో మీకూ గుర్తుండే ఉంటుంది. 2024 జూన్ 29, టీ20 వరల్డ్ కప్ ఫైనల్. బార్బడోస్‌లో, బ్రిడ్జ్‌టౌన్ కెన్సింగ్టన్ ఓవల్ గ్రౌండ్. సౌతాఫ్రికా మీద 7 పరుగులతో గెలిచాం. హైదరాబాద్‌లో మా రూమ్‌లో నలుగురం అమ్మాయిలం ఆ రాత్రి నిద్రపోలేదు. టీవీలో ఆ ఊరు, ఆ నీలం సముద్రం చూసి మా వరంగల్ ఫ్రెండ్ అంది, "ఏయ్, దసరా సెలవులకి అక్కడికే పోదాం!" అంతే. వాట్సాప్ గ్రూప్ అప్పటికప్పుడు తయారు. పేరు "బార్బడోస్ బ్యాచ్".

ఆ వారంలోనే ఇంకో వార్త వచ్చింది. మన టీమ్ అక్కడే ఇరుక్కుపోయింది. బెరిల్ అనే హరికేన్ వస్తోందని ఎయిర్‌పోర్ట్ మూసేశారు. కప్పు గెలిచినవాళ్లు హోటల్లో కూర్చుని ఎదురుచూసి, చివరికి స్పెషల్ ఫ్లైట్‌లో జూలై 4న ఢిల్లీ చేరారు. మా గ్రూప్‌లో అందరూ దాని మీద మీమ్స్ పెట్టుకున్నారు. నేను కూడా పెట్టాను. కానీ లోపల ఒకటి గుచ్చుకుంది. ఎందుకంటే గాలివాన అంటే మాకు మీమ్ కాదు. అది తర్వాత చెప్తాను.

సరే, మొదటి ప్రశ్న. ఎప్పుడు వెళ్లాలి?

మనం ఏం చేస్తాం? మనకి సెలవులు ఎప్పుడుంటే అప్పుడు వెళ్తాం. దసరా ఉందా, అయితే దసరాకే. ఆ చోటుకి ఆ టైమ్ ఎలాంటిదో చూడం. కరీబియన్‌లో హరికేన్ సీజన్ జూన్ 1 నుంచి నవంబర్ 30 దాకా. అన్నిటికంటే ఎక్కువ గొడవ ఆగస్టు, సెప్టెంబర్, అక్టోబర్‌లో. ఆ నెలల్లో హోటళ్లు చౌకగా దొరుకుతాయి. మేం ఆ రేట్లు చూసి "వావ్, ఆఫర్" అనుకున్నాం. అది ఆఫర్ కాదు ఫ్రెండ్స్, రిస్క్‌కి కట్టిన రేటు. మంచి సీజన్ డిసెంబర్ మధ్య నుంచి ఏప్రిల్ మధ్య వరకు. అప్పుడు ఎండ బాగుంటుంది, వాన తక్కువ, రేట్లు మాత్రం ఆకాశంలో. ఇంకొకటి, 2011 నుంచి అక్కడి తీరాలకి సర్గాసమ్ అనే గోధుమరంగు నాచు కుప్పలు కుప్పలుగా కొట్టుకొస్తోంది. ఎక్కువగా వేసవిలో. అది కుళ్లితే కోడిగుడ్డు మురిగిన వాసన. ఫోటోల్లో అది కనపడదు.

రెండో ప్రశ్న. ఎలా వెళ్లాలి?

ఇక్కడ మేం పప్పులో కాలేశాం. ఇండియన్ పాస్‌పోర్ట్‌కి బార్బడోస్‌లో వీసా అక్కర్లేదు. జమైకా, ట్రినిడాడ్, డొమినికా కూడా అంతే. ఇది చూసి ఎగిరి గంతేశాం. కానీ ఇండియా నుంచి అక్కడికి నేరుగా ఫ్లైట్ లేదు. లండన్ మీదుగానో, అమెరికా మీదుగానో వెళ్లాలి. అమెరికాలో విమానం మారాలన్నా ట్రాన్సిట్ వీసా కావాలి. లండన్‌లో ఎయిర్‌పోర్ట్ దాటి బయటికి రాకపోయినా, మామూలుగా మనకి ట్రాన్సిట్ వీసా అడుగుతారు. మాకు ప్యాకేజ్ చెప్పిన ఏజెంట్ ఒక్కసారి కూడా ఈ ముక్క చెప్పలేదు. "వీసా ఫ్రీ మేడమ్, వీసా ఫ్రీ" అదే పాట. అడ్వాన్స్ కట్టే ముందు రోజు రాత్రి మా గుంటూరు ఫ్రెండ్ ఎయిర్‌లైన్ సైట్‌లో చదివి చెప్పింది కాబట్టి బతికిపోయాం. మీరు ప్లాన్ చేసేటప్పుడు, వెళ్లే దేశం రూల్ ఒక్కటే కాదు, దారిలో దిగే ప్రతి దేశం రూల్ చూడండి. అది కూడా ఆ దేశం ప్రభుత్వ సైట్‌లో. ఈ రూల్స్ మారుతుంటాయి, నా వీడియో చూసి టికెట్ కొనేయకండి.

టికెట్టు మాకు చూపించింది ఒక్కొక్కరికి లక్షన్నర పైనే. అక్కడి డాలర్ రెండు కలిస్తే ఒక అమెరికన్ డాలర్, అది 1975 నుంచి అలాగే కట్టేసి ఉంది. కాబట్టి లెక్క వేయడం సులువు, చెల్లించడమే కష్టం. నలుగురం మా సేవింగ్స్ చూసుకున్నాం. ఒకర్నొకరు చూసుకున్నాం. గ్రూప్ రెండు రోజులు సైలెంట్.

మూడో రోజు మా కరీంనగర్ ఫ్రెండ్ మెసేజ్ పెట్టింది. "మీ ఊళ్లో సముద్రం ఉంది కదా? కొబ్బరిచెట్లు ఉన్నాయి కదా? దసరాకి అక్కడికే పోదాం."

నేను వెంటనే "అక్టోబర్‌లో వద్దు" అని కొట్టాను. ఆలోచించకుండా. వేలు దానంతటదే టైప్ చేసింది.

ఎందుకో చెప్తాను. ఫైలిన్ తుపాను 2013 అక్టోబర్ 12, గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది. హుద్‌హుద్ 2014 అక్టోబర్ 12, వైజాగ్. తిత్లీ 2018 అక్టోబర్ 11, తెల్లవారుజామున, మా పలాస దగ్గర. మూడు డేట్లూ చూడండి. దసరా సెలవులు అనుకుంటారు మీరు. మా ఇంట్లో ఆ వారం రేడియో, టీవీ, ఫోన్ ఏదో ఒకటి మోగుతూనే ఉంటుంది.

తిత్లీ అంటే హిందీలో, ఉర్దూలో సీతాకోకచిలుక. ఆ పేరు పాకిస్తాన్ ఇచ్చింది. గాలి గంటకి 140, 150 కిలోమీటర్లు. నేనప్పుడు డిగ్రీ చదువుతున్నాను, సెలవులకి ఇంట్లోనే ఉన్నాను. తెల్లారి తలుపు తీస్తే మా ఇంటి ముందు ఆకాశం పెద్దదైపోయింది. ఏం మారిందో నాకు ఒక నిమిషం అర్థం కాలేదు. తర్వాత తెలిసింది, కొబ్బరిచెట్లు లేవు. అన్నీ ఒకే వైపు పడుకుని ఉన్నాయి, ఎవరో దువ్వెనతో దువ్వినట్టు. నాన్న ఆ రోజు ఏమీ మాట్లాడలేదు. జీడితోటలోకి వెళ్లి చూసొచ్చి అరుగు మీద కూర్చున్నారు. ఉద్దానం అనే పేరు ఉద్యానవనం నుంచి వచ్చిందంటారు. కవిటి, కంచిలి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు, ఇచ్ఛాపురం వైపు అంతా కొబ్బరి, జీడిమామిడి, పనస. తోటే ఇల్లు మాకు. ఆ పొద్దున్న తోట లేదు. కొబ్బరి మొక్క వేస్తే కాపుకి రావడానికి ఐదారేళ్లు పడుతుంది. అది మీ ఈఎంఐ కన్నా పెద్ద ఈఎంఐ.

అందుకే బెరిల్ మీమ్ గుచ్చుకుందన్నాను. అక్కడ బ్రిడ్జ్‌టౌన్‌లో క్రికెటర్లు ఇరుక్కున్న రోజుల్లోనే, ఆ ఊరి జాలర్ల పడవలు కూడా చాలా దెబ్బతిన్నాయి. మనకి క్రికెటర్లే కనిపించారు. ఆ పడవలవాళ్లు మా అక్కుపల్లి వాళ్లలాంటివాళ్లే.

సరే, సంక్రాంతి తర్వాత వెళ్దామని ఫిక్స్ అయ్యాం. జనవరి 2025. మా వైపు వెళ్లడానికి నవంబర్ చివరి నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది. పక్షులు ఉంటాయి, ఎండ మండదు. మార్చి, ఏప్రిల్ అయితే జీడిపళ్లు చూడొచ్చు కానీ ఉక్కపోత తట్టుకోవాలి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో మోటారు పడవల చేపల వేట నిషేధం, గుడ్లు పెట్టే కాలం కాబట్టి. అప్పుడొచ్చి "ఫ్రెష్ ఫిష్ ఏదీ?" అని అడగకండి.

రైలు టికెట్లు ఇప్పుడు 60 రోజుల ముందు నుంచే ఇస్తున్నారు, ఇంతకుముందులా 120 కాదు. సికింద్రాబాద్‌లో ఫలక్‌నుమా గానీ విశాఖ ఎక్స్‌ప్రెస్ గానీ ఎక్కితే మర్నాడు పొద్దున్న పలాసలో దిగొచ్చు. స్లీపర్ ఐదొందలకి కాస్త అటూ ఇటూ. వైజాగ్ నుంచైతే మూడు, నాలుగు గంటలు, మెము కూడా ఉంది. స్టేషన్ పేరు పలాస, ఊరు పలాస-కాశీబుగ్గ. రెండూ కలిపి ఒకటే మున్సిపాలిటీ. లాడ్జీలు అక్కడే ఉంటాయి. బీచ్ పక్కన రూమ్ కావాలంటే ముందే ఫోన్ చేసి కనుక్కోండి, గోవాలాగా వరసగా ఉండవు.

అమ్మకి ఫోన్ చేసి చెప్పాను, ముగ్గురు ఫ్రెండ్స్ వస్తున్నారని. అమ్మ ఏమందో తెలుసా? "ఏటే, ఆలంత దూరం నుంచొచ్చి ఇక్కడేటి సూస్తారు? మనకేటున్నాది?" అంది. నాకు జవాబు రాలేదు. ఎందుకంటే నేనూ లోపల అదే అనుకుంటున్నాను. గూగుల్‌లో ఉద్దానం అని కొడితే మొదట వచ్చేది బీచ్ కాదు, కిడ్నీ జబ్బు. ఆఫీసులో మా ఊరు చెప్తే ఒకతను "ఓ, ఆ కిడ్నీ ఊరా?" అన్నాడు. అప్పట్నుంచి నేను "శ్రీకాకుళం" అని ఊరుకుంటాను.

అందుకే ట్రిప్ ప్లాన్ నేనే రాశాను, చాలా జాగ్రత్తగా. ఏది చూపించాలి, ఏది దాచాలి అన్నట్టు. ఆ దాచిన ముక్క కోసమే ఈ వీడియో.

మొదటి రోజు. పొద్దున్నే నౌపడ స్టేషన్ దగ్గర అందర్నీ లేపి "ఇది ఉప్పు ఊరు" అని చెప్పాను. ఇక్కడి నుంచే గుణుపురం వైపు ఒక లైన్ వెళ్తుంది, 1900లో పర్లాకిమిడి రాజావారి చిన్న రైలుగా మొదలైంది. టెక్కలి స్టేషన్ ఆ లైన్ మీదే. పలాసలో దిగి, టిఫిన్ చేసి, కారు మాట్లాడుకుని వెనక్కి టెక్కలి వైపు వెళ్లాం, తేలినీలాపురం. పెలికాన్లు, పెయింటెడ్ స్టార్క్‌లు. ఊళ్లో చెట్ల మీదే గూళ్లు. ఇళ్ల పక్కనే. కింద మనుషులు పనులు చేసుకుంటుంటే పైన పిల్లలకి మేత పెడుతుంటాయి. అందరూ "సైబీరియా పక్షులు" అంటారు, నేనూ చిన్నప్పట్నుంచి అదే చెప్పాను. కానీ మచ్చల ముక్కు ఉన్న ఆ పెలికాన్‌ది సైబీరియా కాదు, దక్షిణాసియా పక్షే అది. గూళ్లు కట్టుకోవడానికి ఇక్కడికి వస్తుంది, పిల్లలు ఎగిరే దాకా ఉంటుంది. అంటే చుట్టాలు కాదు, పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లలు అన్నమాట. డ్రోన్లు వద్దు, కేకలు వద్దు.

రెండో రోజు ఉత్తరం వైపు. మందసలో వాసుదేవ పెరుమాళ్ గుడి చూసి, కోవా తిన్నాం. మందస కోవా తినకుండా వస్తే మా వైపు వాళ్లు ఊరుకోరు. అక్కడి నుంచి బారువ. ఒకప్పుడు ఓడరేవు. లైట్‌హౌస్ ఉంది, కోటిలింగేశ్వర గుడి ఉంది, మహేంద్రగిరి కొండల్లో పుట్టిన మహేంద్రతనయ ఏరు అక్కడే సముద్రంలో కలుస్తుంది. మా వరంగల్ ఫ్రెండ్ ఇసుకలో నిలబడి ఐదు నిమిషాలు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "ఇంత పెద్ద బీచ్‌లో మనమే ఉన్నామేంటే?" అంది.

ఇక్కడ మూడో ప్రశ్న. నీళ్ల సంగతి ఏంటి? ఇందులో రెండున్నాయి. దిగే నీళ్లు, తాగే నీళ్లు.

దిగే నీళ్లు. బార్బడోస్‌లో పడమటి తీరం చెరువులా ఉంటుంది, తూర్పు తీరం అట్లాంటిక్ అలలతో కొడుతుంది. ఒకే దీవి, రెండు సముద్రాలు. మా బంగాళాఖాతం చెరువు కాదు. అలల కింద లాగే నీరు ఉంటుంది, ఏరు కలిసే చోట ఇంకా ఎక్కువ. చాలా చోట్ల లైఫ్‌గార్డులు ఉండరు. మేం మోకాళ్ల దాకా దిగాం, అంతే. అక్కడ వల బాగు చేసుకుంటున్న ఒక తాత మమ్మల్ని చూసి "అమ్మా, ఆ పక్కకెల్లొద్దు, అక్కడ లోతు మారిపోద్ది" అన్నాడు. అది ఏ యాప్‌లోనూ ఉండదు. యాప్ కూడా చూడండి. హైదరాబాద్‌లోనే ఇన్‌కాయిస్ అని సంస్థ ఉంది, అలల హెచ్చరికలు రోజూ ఇస్తుంది. కానీ నీళ్లలో కాలు పెట్టే ముందు తీరంలో ఉన్న పడవ మనిషిని ఒక్క మాట అడగండి.

ఆ ఇసుకలో ఒక చచ్చిపోయిన తాబేలు కూడా కనిపించింది. ఆలివ్ రిడ్లే. జనవరి నుంచి మార్చి దాకా గుడ్లు పెట్టడానికి తీరానికి వస్తాయి, దారిలో వలల్లో చిక్కి ఊపిరాడక కొన్ని పోతాయి. మంచి ఫోటో కాదు, తెలుసు. కానీ బీచ్ అంటే అదీ ఉంటుంది. రాత్రి బీచ్‌కి వెళ్తే ఫోన్ టార్చ్ వేయకండి. ఆ వెలుగు చూసి తల్లి తాబేలు వెనక్కి వెళ్లిపోతుంది, పిల్లలైతే దారి తప్పుతాయి.

తాగే నీళ్లు. ఇక్కడే నా గొంతు కాస్త మారుతుంది, ఏమీ అనుకోకండి.

రెండో రాత్రి మా ఇంట్లో భోజనాలు. చేపల పులుసు, జీడిపప్పు కూర. మా కరీంనగర్ ఫ్రెండ్ గ్లాసు ఎత్తి, ఆగి, నా వైపు చూసి మెల్లగా అడిగింది. "ఈ నీళ్లు తాగొచ్చా?" తప్పుగా అడగలేదు. భయపడి అడిగింది. అమ్మ వినేసింది. "కేన్ నీల్లేనమ్మా, తాగు" అంది. నవ్వుతూనే అంది. కానీ నాకు ముద్ద దిగలేదు.

ఆ రాత్రి మేడ మీద ఫ్రెండ్స్‌కి చెప్పాను. ఏళ్ల తరబడి మా ఊళ్లలో కిడ్నీలు పాడైపోతున్నాయి. షుగర్ లేనివాళ్లకీ, బీపీ లేనివాళ్లకీ, పొలం పని చేసుకునేవాళ్లకీ. కారణం ఇదీ అని ఇప్పటికీ గట్టిగా తేలలేదు. నీళ్లన్నారు, ఎండలో పనన్నారు, మందులన్నారు, పరిశోధనలు నడుస్తున్నాయి. అంటువ్యాధి మాత్రం కాదు. 2023 డిసెంబర్ 14న పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభించారు. అదే రోజు హిరమండలం రిజర్వాయర్ నుంచి వంశధార నీళ్లని పైపుల్లో ఉద్దానం ఊళ్లకి తెచ్చే 700 కోట్ల పథకం కూడా మొదలైంది. ఆ నీటి వెనక అంత కథ ఉంది. ఇంతకీ మేం కలలు కన్న బార్బడోస్ కూడా నీటి కొరత ఉన్న దేశమే తెలుసా? చుట్టూ సముద్రం, తాగడానికి భూగర్భ జలమే దిక్కు. రిసార్ట్‌లో మనం అరగంట షవర్ కింద నిలబడితే అది ఎవరి వాటా అని మేం ఎప్పుడైనా అనుకున్నామా? అనుకోలేదు.

అంతా విని మా గుంటూరు ఫ్రెండ్ అంది, "రేపు డయాలసిస్ దగ్గరికెళ్లి ఒక వీడియో తీద్దామా? జనానికి తెలుస్తుంది కదా." మంచి మనసుతోనే అంది. నాకు మాత్రం ఒళ్లు మండింది. "మా ఊరు నీ కంటెంట్ కాదు" అన్నాను. అనేశాక బాధేసింది. ఎందుకంటే నేను చేసింది కూడా గొప్పదేం కాదు. ఆ పక్క సందులోనే మా చిన్నాన్న ఇల్లు. వారానికి మూడుసార్లు డయాలసిస్‌కి వెళ్తారు. మూడు రోజుల ప్లాన్‌లో నేను ఆ ఇల్లు రాయలేదు. దారి కూడా అటు కాకుండా చూసుకున్నాను. ఒకరేమో చూపిద్దామంటున్నారు, నేనేమో దాచేస్తున్నాను. మా ఇద్దరిలో ఎవరం ఆయన్ని అడగలేదు.

మర్నాడు పొద్దున్న అడగడానికి నేనొక్కదాన్నే వెళ్లాను. చిన్నాన్న మంచం మీద కూర్చుని పేపర్ చదువుతున్నారు. చెప్పాను. కాసేపు ఆలోచించి, "నన్ను సూడ్డానికొస్తామంటే రమ్మను. జబ్బుని సూడ్డానికైతే వొద్దని సెప్పు" అన్నారు.

వెళ్లాం. ఫోన్లు బ్యాగుల్లో పెట్టుకుని వెళ్లాం. చిన్నాన్న మా తమ్ముణ్ని చెట్టెక్కించి బొండాలు దింపించారు. తిత్లీ తర్వాత, 2019లో వేసిన చెట్లు కాపుకొచ్చిన మొదటి ఏడాది. ఆయనే కత్తి పట్టి, నలుగురికీ కొట్టి ఇచ్చారు. మా వరంగల్ ఫ్రెండ్ "మీరూ తాగండి అంకుల్" అంది. ఆయన నవ్వి, "నాకు పడవమ్మా" అన్నారు. డయాలసిస్ చేయించుకునేవాళ్లకి కొబ్బరినీళ్లు వద్దంటారు, అందులో పొటాషియం ఎక్కువ కాబట్టి. కొబ్బరి పండించే ఊళ్లో, సొంత చెట్టు కింద, సొంత బొండం ఆయన తాగలేరు. అయినా ఏది లేతదో కొట్టకముందే చేత్తో తట్టి చెప్తారు. "ఇది తియ్యగుంటాది, ఇది ఆ పాపకియ్యి." గంటసేపు మాట్లాడారు. జబ్బు గురించి ఒక్క ముక్క కూడా కాదు. ఫైనల్ మ్యాచ్ గురించి, సూర్యకుమార్ బౌండరీ మీద పట్టిన క్యాచ్ గురించి.

నాలుగో ప్రశ్న. మన డబ్బు ఎవరికి వెళ్తోంది, అది ఎవరి పని?

చివరి రోజు కాశీబుగ్గలో జీడిపప్పు కొన్నాం. మీకు తెలియకపోతే చెప్తాను, డబ్బా మీద డబ్ల్యూ 240, డబ్ల్యూ 320 అని ఉంటుంది కదా, అది ఒక పౌనుకి ఎన్ని గుళ్లు వస్తాయన్న లెక్క. నంబర్ తగ్గేకొద్దీ గుండు పెద్దది, రేటు పెద్దది. మా పంట ఫ్యాక్టరీలకి సరిపోదు, ఆఫ్రికా నుంచి కూడా పిక్కలు వస్తాయి. వాటిని వలిచేది, ఏరేది ఎక్కువగా ఆడవాళ్లే. పిక్క పెంకులో ఉండే జీడి నూనె చర్మాన్ని కాల్చేస్తుంది. మా అత్త చేతులు చూస్తే తెలుస్తుంది. అందుకే "కిలోకి వంద తగ్గించండి" అని బేరం మొదలుపెట్టిన ఫ్రెండ్‌ని నేను కాదు, మా అత్త చేతులు ఆపాయి.

ఒక సరదా విషయం. జీడిమామిడి అసలు మనది కాదు. బ్రెజిల్ చెట్టు, పోర్చుగీసువాళ్లు 16వ శతాబ్దంలో తెచ్చారు. మరి కరీబియన్ పోస్టర్ మీద ఉండే కొబ్బరిచెట్టు? అది అక్కడిది కాదు. హిందూ మహాసముద్రం వైపు నుంచి, ఆఫ్రికా మీదుగా అక్కడికి చేరింది. అంటే వాళ్ల వైపు చెట్టు మాకు అన్నం పెడుతోంది, మన వైపు చెట్టు వాళ్ల పోస్టర్ మీద ఉంది. మేమేమో ఆ పోస్టర్ చూసి లక్షన్నర పెట్టబోయాం!

ఐదో ప్రశ్న చిన్నది. ఎవర్ని అడగాలి? ఫోటోకి ముందు, నీళ్లలో దిగే ముందు, ఒక ఇంటి గడప దాటే ముందు. అక్కడ ఉండేవాళ్లని అడగాలి. వద్దంటే వద్దే. నేను ఊరి మనిషినై ఉండి కూడా ఇది నేర్చుకోవాల్సి వచ్చింది.

మొత్తం ఖర్చు చెప్పేస్తాను, ఎలాగూ కామెంట్లలో అడుగుతారు. రైలు, కారు, తిండి, కోవా, జీడిపప్పు అన్నీ కలిపి ఒక్కొక్కరికి ఆరు వేలు దాటలేదు. ఉండింది మా ఇంట్లో కాబట్టి మీకు రూమ్ ఖర్చు కలుపుకోండి. తప్పులు కూడా చెప్తాను. ఒకే రోజు మందస, బారువ, సోంపేట మూడూ పెట్టుకున్నాం, సోంపేట చూడనే లేదు. సాయంత్రం అయ్యాక తీరం ఊళ్ల నుంచి ఆటో దొరకదు, తిరుగు బండి ముందే మాట్లాడుకోవాలి. పలాసకి దగ్గర్లో అక్కుపల్లి శివసాగర్ బీచ్‌కి గంట టైమే పెట్టాను, పూట పెట్టాల్సింది.

బార్బడోస్ వదిలేశామా అంటే, లేదు. గ్రూప్ అలాగే ఉంది, నెలకి కొంత వేస్తున్నాం. వెళ్తే ఫిబ్రవరిలో వెళ్తాం, ట్రాన్సిట్ వీసా ముందే తీసుకుంటాం. అక్కడ కూడా బ్రిడ్జ్‌టౌన్‌లో వల బాగుచేసుకునే ఒక తాతని వెతికి, ఎక్కడ దిగొచ్చో అడుగుతాం.

రైలెక్కే రోజు అమ్మ మా ముగ్గురు ఫ్రెండ్స్‌కీ తలా ఒక సంచి కట్టింది. కొబ్బరికాయలు, జీడిపప్పు, ఎండుచేపలు. ఆ వాసన కోచ్ మొత్తం! రైలు కదులుతుంటే మా కరీంనగర్ ఫ్రెండ్ కిటికీలోంచి "ఆంటీ, మళ్లీ వస్తాం" అని అరిచింది. అమ్మ నా వైపు తిరిగి మెల్లగా అంది, "నిజంగానే వస్తారేటే?" ఈసారి నా దగ్గర జవాబు ఉంది. "వస్తారమ్మా" అన్నాను. ఇప్పుడు ఆఫీసులో ఎవరైనా ఊరు ఏదని అడిగితే ఉద్దానం అనే చెప్తున్నాను.

మీ ఊరి గురించి కూడా మీకు ఇలాంటిది ఏదైనా ఉంటే కింద రాయండి. ఎప్పుడు రావాలో, ఎవర్ని అడగాలో రాయండి, నెక్స్ట్ ఎపిసోడ్‌లో చదువుతాను. వీడియో నచ్చితే ట్రిప్ ప్లాన్ చేస్తున్న ఒక్క ఫ్రెండ్‌కి పంపండి. జాగ్రత్త ఫ్రెండ్స్, ఉంటాను మరి. బై.